ఫ్రిజ్ తలుపు మీద నా కాగితం

నేను పనిచేసిన ఆస్పత్రిలో నా మీద పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. పదకొండింటి నకళ్లూ నా దగ్గర ఉన్నాయి. ఎవరు రాశారో, అందులో ఏ మాట అబద్ధమో ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్నాను. నేను రాసిన ఫిర్యాదులు ఎన్నో మాత్రం నాకు తెలియదు. వాటి నకళ్లు దాచుకోలేదు. అవన్నీ నిజాలే కాబట్టి దాచుకోవాల్సిన అవసరం కనిపించలేదు.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు సిస్టర్లు మా ఇంటికొచ్చి అడిగారు: "మేడం, మెదడు ఆపరేషన్ తర్వాత లోపల ఇన్‌ఫెక్షన్ వస్తే మనిషి బతుకుతాడా?" బతుకుతాడు. నేను చూశాను. ఎలా బతికించాలో మీ పుస్తకాల్లో ఉంది. ఎలా ఆలస్యమవుతుందో అందులో ఉండదు. అది నేను చెబుతాను. చెప్పే అర్హత నాకే ఎక్కువ ఉంది. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

నా ఉద్యోగం పేరు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్. పేషెంటును ముట్టుకునే ముందు డాక్టర్లు, సిస్టర్లు, ఆయాలు చేతులు కడుక్కున్నారా లేదా చూడాలి. కడుక్కోనివాళ్ల పేర్లు రాయాలి. ఎవరి ఒంట్లో ఏ గొట్టం ఎన్ని రోజుల నుంచి ఉందో కనిపెట్టి ఉండాలి. ఆపరేషన్ అయినవాళ్లకి జ్వరం వస్తే ఎందుకొచ్చిందో వెతకాలి. ఇలాంటి పని చేసేవాళ్లకి టీ గదిలో కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే దొరుకుతుంది. మనం వెళ్లగానే పక్కవాళ్లు లేచిపోతారు. ఐసీయూ ఇన్‌చార్జి సిస్టర్ నాకు 'సబ్బుల మేడం' అని పేరు పెట్టింది. ఆమెది నల్గొండ. నోరు పెద్దది, చేయి చాలా శుభ్రమైనది. ఆ రెండో సంగతి నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు.

మా ఆస్పత్రికి రెండు భవనాలు. కొత్తది ఎల్బీనగర్‌లో. ఆపరేషన్లు, ఐసీయూ అన్నీ అక్కడే. పాతది దిల్‌సుఖ్‌నగర్‌లో. క్రిములను పెంచి, అవి ఏవో గుర్తించే పెద్ద ల్యాబ్ అక్కడ ఉండిపోయింది. రెంటికీ మధ్య నాలుగైదు కిలోమీటర్ల రోడ్డు. రోజుకి రెండుసార్లు శాంపిళ్ల వ్యాన్ తిరిగేది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బంద్ అంటే వ్యాన్ కదలదు, ఏ మధ్యాహ్నానికో రోడ్డు తెరిస్తే కదులుతుంది. ఒక బంద్ రోజు యూరిన్ శాంపిళ్లు బల్ల మీద ఆరు గంటలు ఉండిపోయాయి. ఆ వెచ్చదనానికి అన్నిట్లోనూ క్రిములు విపరీతంగా పెరిగి, లేని ఇన్‌ఫెక్షన్లు ఉన్నట్టు రిపోర్టులు వచ్చాయి. నేను ఊరుకోలేదు. ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, సూపరింటెండెంట్ ముద్ర వేయించి అన్ని వార్డుల్లో ఫ్రిజ్ తలుపులకి అంటించాను. 'బంద్ రోజుల్లో వ్యాన్ వచ్చేదాకా శాంపిళ్లన్నీ ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మినహాయింపు లేదు.' చివరి రెండు మాటల కింద గీత కూడా గీశాను. ఆ తర్వాత ఒకసారి సీసా బయట మరిచిపోయిన ఐసీయూ చిన్న సిస్టర్ పిల్ల చేత క్షమాపణ పత్రం రాయించాను. ఇక ఎవరూ తప్పలేదు. మొత్తానికి ఈ ఆస్పత్రిలో నా మాట ఒకటి చెల్లిందని గర్వపడ్డాను.

సకల జనుల సమ్మె మొదలైన కొత్తలో నాగోల్ నుంచి ఒకావిడ చేరింది. నలభై రెండేళ్లు. మూసీ పక్కన పాత ఇల్లు, ఎనిమిది బర్రెలు. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, వాళ్ల పొలం కూడా చాలావరకు ప్లాట్లయింది. అయినా బర్రెల్ని అమ్మడానికి ఆవిడ ఒప్పుకోలేదట. తలలో గడ్డ. పుర్రె లోపల, మెదడు మీది పొరకి పట్టుకుని పెరిగింది. కేన్సర్ కాదు. తీసేస్తే మామూలు మనిషవుతుంది. మా పెద్ద సర్జన్ తీశారు. ఆయన చేతి పనితనం గొప్పది, ఆ మాట నేను కాదనను. మూడో రోజున ఆవిడ లేచి కూర్చుని, ఆస్పత్రి ఇచ్చిన పాలు తాగి, "గివి పాలా?" అని గ్లాసు వెనక్కి ఇచ్చింది.

ఐదో రోజున జ్వరం వచ్చింది. ఆరో రోజు ఐసీయూ బయట ఆవిడ భర్త నన్ను ఆపాడు.

"మేడం, జర ఆగు. మొన్న మంచిగ మాట్లాడింది. ఇయ్యాల లైటు ఆర్పమంటుంది, కండ్లు తెరుస్తలేదు. తల ఎత్తబోతే మెడ కట్టె లెక్క ఉన్నది. డాక్టర్‌సాబ్‌కు చెప్తె ఆపరేషన్ అయినంక జరం మామూలే అంటుండు. నాకైతె సమజైతలేదు."

"మెడ ఎవరు ఎత్తి చూశారు?"

"నేనే."

"చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్న తల్లీ. గోడకు నీ బోర్డు ఉన్నది గదా, సదువుడు వచ్చు నాకు. పశువుకు జరమొస్తె మెడ చూస్తం, చెవులు చూస్తం. గంతమాత్రం నాకు తెల్వదా?"

ఆయన చెప్పింది నిజం. వెలుగు చూడలేకపోవడం, మెడ బిగుసుకోవడం, మత్తుగా ఉండటం. మెదడు పొరల్లో ఇన్‌ఫెక్షన్ చేరితే మొదట కనిపించేవి ఇవే. నేను పోరు పెట్టగా పెట్టగా సర్జన్ వెన్నులోంచి నీరు తీయించారు. వెన్నులో ఉండే నీరూ మెదడు చుట్టూ ఉండే నీరూ ఒకటే. అది మంచినీళ్లలా తేటగా ఉండాలి. ఆవిడది బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది. ఎల్బీనగర్‌లో ఉన్న చిన్న ల్యాబ్‌లో చూస్తే అందులో తెల్ల కణాలు విపరీతంగా ఉన్నాయి, చక్కెర బాగా పడిపోయింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఏ క్రిమో తెలుసుకోవడానికి మిగతా సీసా దిల్‌సుఖ్‌నగర్ వెళ్లింది. రెండు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది: ఏ క్రిమీ పెరగలేదు. మళ్లీ తీయించాం. మళ్లీ అదే రిపోర్టు.

రౌండ్స్‌లో సర్జన్ ఆ రెండు కాగితాలూ నా ముందు ఊపారు.

"చూశారా సిస్టర్? రెండుసార్లూ క్రిమి లేదు. ఆపరేషన్‌లో కాస్త రక్తం ఆ నీటిలో కలిసి పొరలు చిరాకుపడ్డాయి. దానికీ ఇలాగే జ్వరం వస్తుంది. యాంటీబయాటిక్ ఆపేద్దాం. స్టెరాయిడ్ ఇస్తే దిగుతుంది."

"చక్కెర అంత పడిపోయింది కదా సార్. క్రిములు లేకపోతే దాన్ని ఎవరు తిన్నారు?"

"సిస్టర్, సబ్బు సంగతి మీరు చూసుకోండి. మెదడు సంగతి నేను చూసుకుంటాను."

వెనకాల నిలబడ్డ జూనియర్లు ఎనిమిది మంది నవ్వారు. ఎనిమిది మందే, నేను లెక్కపెట్టాను. అందులో ఇద్దరు తర్వాత సర్టిఫికెట్ల మీద సంతకాల కోసం నా దగ్గరికి వచ్చారు. ఎంతసేపు నిలబెట్టానో వాళ్లకి గుర్తుండే ఉంటుంది.

స్టెరాయిడ్‌కి ఒక రోజు జ్వరం దిగింది. సర్జన్ నా వైపు చూసి తల పంకించారు కూడా. మర్నాటికి అంతకు రెట్టింపుగా తిరిగొచ్చింది. సాయంత్రానికి ఆవిడ భర్తను గుర్తుపట్టలేదు. "ఎవలు నువ్వు?" అని అడిగిందట. ఆయన బయటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఇన్‌ఫెక్షన్ ఉందని నాకు అనుమానం లేదు. అలాంటప్పుడు క్రిమి ఎందుకు పెరగడం లేదు? ల్యాబ్‌లో నిర్లక్ష్యం అనుకున్నాను. రెండు పేజీల ఫిర్యాదు రాశాను. మరుసటి రోజు బంద్ లేదు. పొద్దున్నే వ్యాన్ ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి ల్యాబ్ డాక్టరమ్మ ముందు ఆ పేజీలు పెట్టాను. అరవైకి దగ్గరపడిన మనిషి, పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. చదివి కళ్లజోడు తీశారు.

"కూసో. మీ ఐసీయూ నుంచి వెన్నునీరు ఎట్లొస్తుందో నీకు తెలుసా? ఐస్‌క్రీం లెక్క. సీసా పట్టుకుంటె చెయ్యి జివ్వుమంటుంది. యూరిన్ ఫ్రిజ్‌ల పెట్టాలె. ఇది పెట్టొద్దు. ఒంటి వేడి ఆరకముందె, గంటలోపల నా చేతికి రావాలె. అసలే యాంటీబయాటిక్‌కు సగం సచ్చిన క్రిములు, వాటిని గంటలకొద్ది సల్లగ పెడితె మిగిలినయి కూడ సస్తయి. సచ్చినదాన్ని నేనెట్ల పెంచాలమ్మా? నేను రెండుసార్లు ఫోన్ జేసి చెప్పిన. 'రూల్ ఉన్నది మేడం' అన్నరు. ఎవలు పెట్టిండ్రు ఆ తెలివిగల్ల రూలు?"

ఇది మేం నర్సింగ్ మొదటి సంవత్సరంలో చదువుకున్న పాఠం. నాకు ఒళ్లు మండిపోయింది. అంటే ఐసీయూలో ఇంత చిన్న సంగతి తెలియని వాళ్లున్నారన్నమాట. తిరిగి వచ్చే వ్యాన్‌లో ఇంకో రెండు పేజీలు మనసులోనే రాసుకున్నాను. ఐసీయూ తలుపు తోసుకుని వెళ్లి ఇన్‌చార్జి సిస్టర్ మీద పడ్డాను.

"వెన్నునీరు ఫ్రిజ్‌లో పెట్టిందెవరు? పేరు చెప్పండి. ఇప్పుడే చెప్పండి."

ఆమె నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లి తలుపు మీద వేలు పెట్టింది.

"చదువు మేడం. నీ రాతే. నీ సంతకమే."

చదివాను. రెండుసార్లు చదివాను.

"రెండు శాంపిళ్లు కూడ బంద్ దినాలల్లనే తీసినం," అంది ఆమె. "అన్నీ పెట్టాలె అని రాసినవ్, మా పిల్ల అన్నీ పెట్టింది. అడిగే ధైర్యం దానికి ఏడుంది? ఒక్క సీసా మరిచిపోయిందని దానితోని చిట్టీ రాయిచ్చినవ్. మూడొద్దులు ఏడ్సింది అది. నేనన్న అడుగుదామనుకున్న. అడిగితె నా మీద కూడ రాస్తవ్ అని ఊకున్న. నాదీ తప్పే. కాని మేడం, నీతోని మాట్లాడుడంటె మాకు భయం. నిజం చెప్తున్న."

రాసేటప్పుడు నా మనసులో ఉన్నవి యూరిన్, కళ్లె మాత్రమే. వెన్నునీరు ఎప్పుడో నెలకొకటి వస్తుంది, అది తట్టలేదు. తట్టనందుకు కాదు నాకు ఇప్పటికీ కోపం. తట్టినవాళ్లు నోరు తెరవకుండా చేసినందుకు.

కాగితం పీకి సంచిలో పెట్టుకోవచ్చు. దానికీ ఆ రిపోర్టులకీ ముడి కనిపెట్టింది మేమిద్దరమే. కానీ మూడోసారి నీరు తీయాలంటే సర్జన్ ఒప్పుకోవాలి. క్రిమి లేదని తేల్చేసిన మనిషి. ఆ రెండు రిపోర్టులూ పనికిరావని చెబితే తప్ప ఆయన సూది పట్టుకోరు. ఎందుకు పనికిరావంటే ఈ కాగితం చూపించాలి. అదీ నన్ను సబ్బు చూసుకోమన్న మనిషికి. ఆ సాయంత్రం ఆయన ఇంకో ఆస్పత్రిలో ఆపరేషన్‌లో ఉన్నారు, ఫోన్ తీయలేదు. రాత్రంతా ఎలా చెప్పాలా అని ఆలోచించానని మీరు అనుకుంటారేమో. లేదు. చెప్పాల్సింది ఒక్క వాక్యమే.

మర్నాడు మళ్లీ బంద్. పొద్దున రౌండ్స్‌లో అందరూ ఉన్నారు. మంచం మీద ఆవిడ కళ్లు సగం తెరిచి ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు.

"సార్, ఆ రెండు రిపోర్టులూ చెల్లవు. శాంపిళ్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పెట్టమన్నది నేను." కాగితం ఆయన చేతికిచ్చాను.

ఆయన చదివారు. ఏదో అంటారని సిద్ధంగా నిలబడ్డాను. అంటే గుర్తుపెట్టుకుందామనీ సిద్ధంగానే ఉన్నాను. ఆయన కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు.

"స్టెరాయిడ్ ఆపండి. ట్రే తెండి, నేనే తీస్తాను," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. మధ్యలో వెనక్కి తిరిగి, "ఇవాళ వ్యాన్ లేదు కదా. ఎలా పంపుతారు? అంబులెన్స్ ఉందా?" అన్నారు.

"అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు పోయింది సార్, డ్యూటీ పిల్లలను తెచ్చేటందుకు. ఎప్పుడొస్తదో తెల్వదు," అంది ఇన్‌చార్జి సిస్టర్.

"నేను పట్టుకెళ్తాను," అన్నాను. "నడిచి. గంటలోపు చేరతాను."

నీరు తీశారు. ఈసారి ఇంకా చిక్కగా ఉంది. మూత బిగించి, సీసాను రెండు కవర్లలో వేసి, దూదిలో చుట్టి నా కడుపుకి ఆనించి పట్టుకున్నాను. ఇన్‌చార్జి సిస్టర్ క్రేప్ బ్యాండేజీ తెచ్చి నడుము చుట్టూ నాలుగు చుట్లు తిప్పి కట్టింది.

"బిగువైతె ఇప్పుడె చెప్పు. తర్వాత కాయితం రాయకు," అంది.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి రోడ్డంతా ఖాళీ. షాపుల షట్టర్లు దించి ఉన్నాయి. ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఒక చేయి కడుపు మీద పెట్టుకుని వేగంగా నడిచాను. కొత్తపేటలో పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మొత్తం జనం. వంటా వార్పు నడుస్తోంది. ఉద్యమంలో అదొక పద్ధతి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తిని బండ్లు ఆపేవారు. పెద్ద పెద్ద గిన్నెల్లో కిచిడీ ఉడుకుతోంది, డప్పు మోగుతోంది. పక్కనుంచి తప్పుకుని పోబోతే కండువా వేసుకున్న ఒకాయన అడ్డం వచ్చాడు.

"ఏడికి అక్కా? బంద్ అని తెల్వదా?"

"తెలుసండీ. నడిచే కదా వెళ్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ల్యాబ్‌కి, చాలా అర్జెంటు. తప్పుకోండి."

"తప్పుకోండి అంట! ఆంధ్ర మేడమా?"

"గుంటూరు. అయితే ఏంటి?"

నలుగురు నవ్వారు. పొయ్యి దగ్గరున్న పెద్దావిడ గరిటె పట్టుకుని దగ్గరికొచ్చింది. "ఆగుండ్రి జర. కడుపు నొస్తుందా బిడ్డా? గట్ల పట్టుకున్నవ్."

"కడుపు కాదమ్మా. నాగోల్ ఆవిడ ఒకరు తల ఆపరేషన్ అయి ఐసీయూలో ఉన్నారు. ఆవిడ వెన్నులోంచి తీసిన నీళ్లు ఇక్కడ కట్టుకున్నాను. చల్లారితే పనికిరావు. ఇప్పటికే ఇరవై ఐదు నిమిషాలయింది."

పేషెంటు సంగతి రోడ్డు మీద చెప్పకూడదు. అది కూడా నేను పెట్టిన రూలే.

పెద్దావిడ గరిటె ఎత్తింది. "ఏయ్, ఇగ ముచ్చట్లు బంద్ చేసి బండి తియ్యుండ్రి! సల్లారుతదంటుంది గదా!" డప్పు ఆగింది. నన్ను ఆపిన కండువా ఆయనే స్కూటర్ స్టార్ట్ చేశాడు.

"కూసో అక్కా. గట్టిగ పట్టుకో."

"హెల్మెట్ ఏదండీ? కాస్త మెల్లగా పోనివ్వండి, సీసా కుదపకూడదు."

"మెల్లగ పోతె సల్లగైతదంటివి, జోరుగ పోతె కుదుపంటివి. ఎట్ల పోవాలె మరి?"

"కుదపకుండా జోరుగా."

"గుంటూరోళ్లు అందరు గిట్లనే ఉంటరా?"

"అందరూ ఉండరు. నేనుంటాను."

దారిలో ఇంకో రెండుచోట్ల ఆపబోయారు. రెండుచోట్లా ఆయనే దూరం నుంచి, "దవాఖాన కేసు, తప్పుకోండ్రి!" అని అరిచాడు. ల్యాబ్ ముందు దింపి, "జై తెలంగాణ అను అక్కా, కిరాయి కింద," అన్నాడు. ఆ రోజు నేను ఏమన్నానో మా గుంటూరు బంధువులకి ఇప్పటికీ చెప్పలేదు.

నలభై నిమిషాల్లో సీసా డాక్టరమ్మ చేతిలో ఉంది. ఆవిడ దాన్ని చెంపకి ఆనించి చూసుకున్నారు. కొంచెం నీరు పెంచడానికి పక్కన పెట్టి, మిగతా చుక్కను గాజుపలక మీద ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. పలకను అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూశారు. నేను కూర్చోలేదు.

"దా, చూడు," అన్నారు చివరికి. "దొరికిండ్రు దొంగలు."

కణాల మధ్యన సన్నగా, పొట్టిగా, ఎర్రటి కడ్డీలు. అక్కడొకటి, ఇక్కడ రెండు. అవి ఐసీయూల్లో ఉండి గొట్టాల వెంట, చేతుల వెంట తిరిగే రకమని డాక్టరమ్మ అన్నారు. మందులకు త్వరగా లొంగవు. సర్జన్‌కి ఫోన్ చేసి ఆవిడే చెప్పారు. మధ్యాహ్నానికల్లా గట్టి మందు మొదలైంది. రెండు రోజులకు క్రిమి పళ్లెంలో పెరిగింది. మామూలు మందులేవీ దానికి పనిచేయవు, ఒక్కటే పనిచేస్తుంది. ఆ ఒక్కటీ రక్తంలోకి ఎక్కిస్తే మెదడు దాకా సరిగ్గా చేరదు. అందుకని సర్జన్ పుర్రెలోంచి సన్నటి గొట్టం వేసి, మెదడు నీటిలోకే నేరుగా మందు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆ గొట్టం మూత తీసిన ప్రతిసారీ కొత్త క్రిమి లోపలికి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకని ప్రతిసారీ నేను పక్కన నిలబడ్డాను. సర్జన్ మోచేతుల దాకా కడుక్కుని నా వైపు చూసేవారు.

"చాలా సిస్టర్?"

"ఇంకో ఇరవై సెకన్లు సార్."

కడుక్కునేవారు. సబ్బు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేనూ మరిచిపోలేదు.

ఈ మధ్యలోనే ఆవిడ భర్తకు చెప్పాను. సూపరింటెండెంట్ వద్దన్నారు. "కేసు పెడతారు మేడం" అన్నారు. పెట్టనివ్వండి అన్నాను. ఐసీయూ బయట బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని కాగితం సంగతి మొత్తం చెప్పాను.

"ఎన్ని దినాలు ఖరాబైనయ్?" అన్నాడు.

"ఆరు."

ఆయన లేచి మెట్లు దిగి వెళ్లిపోయాడు. కేసు పెట్టలేదు. కానీ అప్పటినుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏం కావాలన్నా ఇన్‌చార్జి సిస్టర్‌ని అడిగేవాడు. నేను ఎదురైతే గోడకేసి చూసేవాడు.

గొట్టంలోంచి మందు మొదలైన నాలుగో రోజు జ్వరం దిగింది, ఇక తిరిగి రాలేదు. ఆరో రోజు కళ్లతో మనుషుల వెంట చూడటం మొదలుపెట్టింది. ఎనిమిదో రోజు నేను ఫైలు చూస్తుండగా మంచం మీదినుంచి గొంతు వినిపించింది.

"బర్రెలను ఎవలు పిండుతున్నరు?"

భర్త కుర్చీలోంచి లేచాడు. "నేనే పిండుతున్న."

"నీకిస్తయా అవి?"

"ఇస్తలెవ్వు," అని ఆయన ముఖం తుడుచుకున్నాడు. "సగం కూడ ఇస్తలెవ్వు."

మూడు వారాలు మందు నడిచింది. తీసిన ప్రతిసారీ నీరు కొంచెం తేటపడుతూ వచ్చింది, చక్కెర పెరిగింది, పళ్లెంలో నిజంగానే ఏమీ పెరగలేదు. ఆ శాంపిళ్లన్నీ ఎవరో ఒకరి కడుపుకి కట్టుకునే వెళ్లాయి. వ్యాన్ నడిచిన రోజుల్లో కూడా. గొట్టం తీసేశారు. ఆవిడ లేచి నిలబడింది. కుడి కాలు కొంచెం లాగుతోంది. ఎడమ చెవి వినిపించడం లేదు. కాలు వ్యాయామంతో బాగవుతుందని, చెవి ఇన్‌ఫెక్షన్ వల్ల పోయిందో మందుల వల్ల పోయిందో చెప్పలేమని సర్జన్ అన్నారు. ఆయన నా కోసం అలా అన్నారేమో తెలియదు. అడగలేదు. ఆ ఆరు రోజులు లేకపోతే చెవి ఉండేదని నా నమ్మకం.

నేను ఒక ఫిర్యాదు రాశాను, నా మీదే. ఆఫీసు గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "మేడం, ఇన్‌ఫెక్షన్ విషయంలో వచ్చే ఫిర్యాదులు విచారించేది మీరే కదా. దీన్ని ఎవరికి పంపాలి?" అన్నాడు. నాకే పంపమన్నాను. విచారించాను. తప్పు రుజువైంది. ఐసీయూ పిల్లకి క్షమాపణ పత్రం రాసిచ్చాను. ఆ పిల్ల దాన్ని లామినేట్ చేయించి అల్మారా లోపల అంటించుకుందని విన్నాను. అది కొంచెం అతి అని నా అభిప్రాయం.

డిశ్చార్జి అయిన రెండు నెలలకి వాళ్లిద్దరూ చూపించుకోవడానికి వచ్చారు. వాళ్ల బర్రె ఈనింది. పెద్ద స్టీలు డబ్బాలో జున్ను తెచ్చారు. ఆయనే తన చేత్తో అందరికీ పంచాడు. సర్జన్‌కి, ఇన్‌చార్జి సిస్టర్‌కి, ఆయాలకి, నన్ను చూసి నవ్విన ఎనిమిది మందిలో ఆ రోజు డ్యూటీలో ఉన్న ఐదుగురికి. నా దగ్గరికి వచ్చేసరికి డబ్బా మూత పెట్టి అవతలికి నడిచాడు. నన్ను చిన్నచూపు చూసిన ఎవరినీ నేను ఊరికే వదిలిపెట్టలేదు. ఆయన్ని మాత్రం ఏమీ అనలేదు. అది నాకు రావాల్సిందే.

నేను ఫైళ్లు సర్దుకుంటుంటే, పరీక్ష గదిలో మంచం మీద కూర్చున్న ఆవిడ పిలిచింది. ఎడమవైపు నుంచి వెళ్లాను.

"ఆ దిక్కు కాదు మేడం, ఈ దిక్కు రా. ఆ చెవి పోయింది."

కుడివైపుకి వెళ్లాను.

"మా ఆయన చెప్పిండు, నీ కాయితం ముచ్చట."

"నిజమే చెప్పారు."

"ఇంకెన్ని అంటించినవ్ గీ దవాఖానల?"

"ముప్పై నాలుగు. అన్నీ పీకించి మళ్లీ చదివాను."

"చదివినంక?"

"ఏడు మార్చాను. అనుమానం వస్తే నన్ను అడగమని అన్నిటి కిందా రాశాను."

"అడిగితె కరుస్తవా?"

"కరవను."

"ఆయన నీకు జున్ను ఇయ్యడు. మొండోడు. నేను కూడ ఇయ్యమని చెప్పను," అంది. తర్వాత మంచం అంచు పట్టుకుని లేచింది. "ఈ కాలు ఇంక గుంజుతున్నది. ఎట్ల నడవాలెనో సూపియ్యి."

పాల బకెట్లు మోసిన చేయిని బరువుగా నా భుజం మీద వేసింది. వరండా చివరిదాకా అలాగే నడిచాం. మలుపు దగ్గర చేయి తీసేసింది. తిరిగి వచ్చేటప్పుడు నాకంటే రెండడుగులు ముందు నడిచింది.